దయ్యం రాకముందే

గుండ్లపోచంపల్లి,
జూన్ 8

ఒరేయ్ ఫణీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం లేదు, అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఫోన్ చేయకుండా అక్కయ్య ఉత్తరం ఎందుకు రాస్తోందా అనుకుంటావేమో. మా ఇల్లు నీకు తెలిసిందేగా, రెండు గదులు. వంటింట్లో నేను గుసగుసలాడినా హాల్లో మీ బావకి వినపడుతుంది. ఆయన బయటికెళ్లినప్పుడు చేద్దామంటే ఆ టైముకి నువ్వు క్లాసులో ఉంటావు. పోనీ వాట్సాప్‌లో రాద్దామా అంటే, నా ఫోన్లోవన్నీ తన కంప్యూటర్లో కూడా కనపడేలా ఆయనే ఏదో అమర్చి పెట్టారు. అందుకని ఈ తంటా. మా పనిమనిషి బాలనర్సమ్మ కొడుకు బాలరాజు మీ కాలేజీ బస్సు నడుపుతాడు కదా, అతని చేత ఆవకాయ జాడీ పంపుతున్నాను. మూతికి కట్టిన గుడ్డ మడతలో ఉత్తరం ఉంది. జవాబు ఖాళీ జాడీలో పెట్టి పంపు. జాడీ కడిగి మరీ పెట్టు.

సంగతేమిటంటే, మీ బావకి దయ్యాల పిచ్చి పట్టింది. నవ్వకు. ఐదు వారాలుగా ప్రతి శుక్రవారం పదింటికల్లా స్కూటర్ తీసి మేడ్చల్ వెళ్తున్నారు, ఉదయం ఆటకి. దయ్యం ఉంటే చాలు, తెలుగుదా అరవదా అని చూడరు. కొత్తది రాకపోతే చూసిందే మళ్లీ చూస్తారు. మేడ్చల్లో లేకపోతే అల్వాల్ దాకా పోతారు. చిన్నప్పటి సరదా అందామా అంటే అదీ కాదు. పెళ్లైన కొత్తలో కాకినాడలో ఇలాంటి సినిమాకే తీసుకెళ్తే, సగంలో తలనొప్పని లేచొచ్చిన మనిషి!

విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్లు కరెంటు తీగలతో ఆడుకున్నాయనకి అరవై మూడో ఏట బుద్ధి ఇలా తిరిగితే ఏమనుకోవాలి? ఎందుకండీ ఇది అంటే "కాలక్షేపం శేషూ" అంటారు. అన్నం సగం వదిలేస్తున్నారు. చొక్కాలు వదులయ్యాయి. మతి తప్పడం ఇలాగే మొదలవుతుందేమోనని నా అనుమానం. భయం అనను, నాకు భయాలేవీ లేవని నీకు తెలుసు. కానీ పిల్లాజెల్లా లేని ఇల్లు. ఆయనకి ఏదైనా అయితే ఈ రెండు గదుల్లో నేను గోడలతో మాట్లాడుకోవాలి.

పాతికేళ్లుగా పిల్లలకి సైకాలజీ పాఠాలు చెబుతున్నావు. మనుషులు టికెట్ కొనుక్కుని మరీ ఎందుకు భయపడతారో చెప్పు. ఆయన్ని ఎలా మాన్పించాలో కూడా చెప్పు. రెండోదే ముఖ్యం.

మీ అక్కయ్య,
శేషారత్నం


శామీర్‌పేట,
జూన్ 11

అక్కయ్యకి నమస్కారాలు.

జాడీ అందింది. ఉత్తరం సగం నూనె పీల్చేసింది. మిగతా సగం చదివి ఊహించుకున్నాను.

నువ్వు అడిగింది మా వాళ్లు ఎన్నో ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నే. భయంతో వణికినా, సంతోషంతో గెంతినా గుండె చేసే పని ఒకటే. దడదడ కొట్టుకోవడం. తెరమీద దయ్యం పోయాక ఆ దడ వెంటనే పోదు. ప్రమాదమేమీ లేదని మెదడు తెలుసుకుంటుంది, ఒళ్లు మాత్రం ఇంకా వేడి మీదే ఉంటుంది. ఆ మిగిలిన వేడినే మనం సంతోషం అనుకుంటాం. ఎదురుగా లారీ మీదికొస్తే ఈ సుఖం ఉండదు, ఎందుకంటే లారీకి ఇంటర్వెల్ లేదు. సినిమాకి మొదలూ చివరా ఉన్నాయి, పక్కన పదిమంది ఉన్నారు, తలుపు తీసే ఉంది. అయిపోతుందని ముందే తెలిసిన భయం అది. కాస్త కాస్తగా భయపడటం అలవాటు చేసుకుంటే అసలైంది వచ్చినప్పుడు తట్టుకోవచ్చని కూడా కొందరంటారు.

అర్థం కాలేదా? నీ ఆవకాయే తీసుకో. నాలుక మండుతుంది, చెవుల్లోంచి పొగలొస్తాయి, కళ్లు తుడుచుకుంటూ మరో ముద్ద కలుపుతాం. ఎవరైనా ఆపమంటే ఆపుతామా?

కాబట్టి మాన్పించకు. ఒక పని చెయ్యి. ఇంట్లో బీపీ మిషన్ ఉందిగా. సినిమాకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బావగారి బీపీ చూడు. రాసి పెట్టు. శాస్త్రీయంగా తేల్చుకుందాం.

నీ తమ్ముడు,
ఫణిభూషణ్


గుండ్లపోచంపల్లి,
జూన్ 29

ఫణీ,

ఆవకాయకీ దయ్యానికీ చుట్టరికం కలిపిన మహానుభావుడివి నువ్వొక్కడివే. అమ్మ ఉంటే నీకు ముద్ద కూడా పెట్టేది కాదు.

నీ మాట విని మూడు శుక్రవారాలు మిషన్ పట్టుకు కూర్చున్నాను. చదువు, చదివి నువ్వే ఏడువు. మొదటి వారం వెళ్లేముందు నూట యాభై ఎనిమిది, వచ్చాక నూట ముప్పై రెండు. రెండో వారం నూట అరవై, నూట ముప్పై. మొన్న నూట యాభై నాలుగు, నూట ఇరవై ఎనిమిది. అంటే చేతబడి చేసిన ముసలమ్మని చూస్తే మీ బావకి బీపీ దిగుతుంది, నన్ను చూస్తే ఎక్కుతుంది! ముప్పై ఆరేళ్ల కాపురానికి ఇదా సర్టిఫికెట్? ఒళ్లు మండి నాది కూడా చూసుకున్నాను. ఆయన కోసం గుమ్మంలో నిలబడ్డ టైములో నూట అరవై నాలుగు.

ఇంకో వింత. మిషన్ తీసుకొస్తే "ఎందుకిప్పుడు" అంటారనుకున్నాను. అనలేదు. పసిపిల్లాడిలా చెయ్యి చాపారు. పట్టీ విప్పేశాక కూడా చెయ్యి నా ఒళ్లోనే ఉంచేశారు. కుక్కర్ మూడు కూతలు కూసినా తీయలేదు. "ఏమిటండీ, పప్పు మాడిపోతుంది" అంటే అప్పుడు తీశారు.

బాలనర్సమ్మతో నా గోడు వెళ్లబోసుకుంటే అది నన్నే కసిరింది. "ఏందమ్మా గట్ల పరేషానైతవ్? సార్ సిన్మకే గదా పోతుండు, కల్లు కాంపౌండ్‌కు పోతలేడు గదా! బోనాలల్ల జూడు, పోతరాజు కొరడా గుంజుకుంట మీదికొస్తే పోరగాండ్లు ఉరుకుతరు. ఉరికినోళ్లే మళ్లొచ్చి ముంగట నిలవడ్తరు. భయం ఎవ్వలకు చేదు?" అంది. నీ రెండు పేజీల పాఠం అది గిన్నెలు తోముతూ చెప్పేసింది. దానికి జీతం పెంచాలి, నీది తగ్గించాలి.

తేలిందిగా శాస్త్రం? ఇప్పుడు చెప్పు, ఎలా మాన్పించను?

అక్కయ్య


శామీర్‌పేట,
జూలై 6

అక్కయ్యా,

బీపీ తగ్గుతుంటే మాన్పించడం దేనికి? ఇక్కడ పరీక్షల హడావుడి, ఎక్కువ రాయలేను. బావగారు ఏం తింటున్నారో చూస్తూ ఉండు. వీలైతే ఒకసారి ఆయనతో తీరిగ్గా కూర్చో. ఏదైనా చెబుతారేమో. మధ్యలో అందుకోకుండా విను. నీకు కష్టమేననుకో.

ఫణి

తా.క. జాడీ కడిగాను. సబ్బు వాసన వస్తే నా తప్పు కాదు.


గుండ్లపోచంపల్లి,
జూలై 19

ఫణీ,

నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పుడు పక్కింటి జామకాయలు జేబులో పెట్టుకుని "పరీక్షలు, పరీక్షలు" అంటూ తిరిగేవాడివే, అదే వాసన వస్తోంది నీ ఉత్తరంలో. సబ్బు వాసన కాదు.

మొన్న ఆదివారం బాలనర్సమ్మ, "సార్‌కు దిష్టి దాకిందమ్మా, తీసేస్త" అని ఎండుమిరపకాయలు, ఉప్పు పట్టుకొచ్చింది. దిష్టి అంటే పగలబడి నవ్వే మనిషి కదా, ఇవాళ దీనికి చీవాట్లే అనుకున్నాను. మీ బావ తూర్పుకి తిరిగి తల వంచుకు కూర్చున్నారు! అది ఏడుసార్లు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, ఒక్క దగ్గూ లేదు. "చూసినవా, ఎంత దిష్టి ఉందో" అంది అది. ఆయన ఏమన్నారో తెలుసా? "వచ్చే ఆదివారం కూడా తీస్తావా బాలనర్సమ్మా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదురా.

ఇక ఆగలేకపోయాను. నిన్న ఆయన స్కూటర్ ఇలా మలుపు తిరగగానే నేను ఆటో ఎక్కాను. చీరకొంగు నెత్తిన కప్పుకుని, మొగుడి వెనక దొంగలా, ఈ వయసులో! హాల్లో పాతికమంది కూడా లేరు. ఆయన గోడ పక్కన ఒంటరిగా కూర్చున్నారు. నేను నాలుగు వరసల వెనక.

తెర మీద ఇంకా పేర్లే పడుతున్నాయి. ఎవరో పెళ్లిలో పాట పాడుతున్నారు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆయన వణుకుతున్నారు ఫణీ. భుజాలు కదిలిపోతున్నాయి. రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నారు. పక్కనెవరూ లేరు, నేను తప్ప ఎవరూ చూడటం లేదు. పలకరించకుండానే బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర టికెట్లు చింపే యాదయ్య అనే ఆయన మంచినీళ్లిచ్చాడు. గోడ పక్కన కూర్చునే సార్ తెలుసా అని అడిగాను. "గా సారా? ప్రతి శుక్రారం వస్తడమ్మా. అందరు దయ్యమొచ్చినంక ఒర్రుతరు. గీ సార్ దయ్యం రాకముందుకే వణుకుతడు. బొమ్మ పడంగనే షురువైతది. ఏమాయె సార్ అని ఒకపారి అడిగిన. ఏం గాలే యాదయ్యా, సిన్మ మంచిగుంది అన్నడు" అన్నాడు.

ఆయన భయపడేది సినిమాకి కాదు. ఇంకా దేనికో. అది నీకు తెలుసు. ఆవకాయ కథలు కట్టిపెట్టి నిజం రాయి. రాయకపోతే రేపట్నుంచి నీకు అక్కయ్య లేదు.

శేషారత్నం


శామీర్‌పేట,
జూలై 21

అక్కయ్యా,

బాలరాజు బస్సు ఆపుకుని నిలబడ్డాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఏప్రిల్ నెలాఖరున బావగారు స్కానింగ్ చేయించుకున్నారు. ఎడమ కిడ్నీలో గడ్డ ఉంది. తీసేస్తే బాగుంటుందని డాక్టర్ ధైర్యంగానే చెప్పాడు, కానీ వినాయక చవితి దాటనివ్వద్దన్నాడు. బావగారు ఒప్పుకోవడం లేదు. గడ్డకి కాదు, మత్తుమందుకి భయపడుతున్నారు. వాళ్లన్నయ్యగారు గుర్తున్నారుగా. కాకినాడలో చిన్న ఆపరేషనే, నవ్వుతూ లోపలికి వెళ్లి మళ్లీ కళ్లు తెరవలేదు.

నీకు చెప్పమని ఎంత బతిమాలానో. నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆయన అన్న మాటలు అలాగే రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. "మా అన్నయ్య పోయినరోజు నేను వరండాలో వణుకుతూ కూర్చుంటే, మీరే ఇలా అయితే ఎలా అని మీ అక్కయ్య నన్ను లేపింది. తను లేకపోతే ఆ రోజు ఎవరికీ మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. కానీ ఫణీ, అప్పట్నుంచి ఇంట్లో భయపడటానికి నాకు చోటు లేదు. సినిమా హాల్లో వణికితే ఎందుకని ఎవరూ అడగరు. అక్కడికి అందరూ వణకడానికే వస్తారు." ఇదీ అక్కయ్యా ఆయన చెప్పింది. నేను చదివిన పుస్తకాల్లో ఈ కారణం ఎక్కడా లేదు.

బీపీ చూడమన్నది శాస్త్రం కోసం కాదు. కనీసం వారానికి రెండుసార్లయినా ఆయన చెయ్యి పట్టుకుంటావని. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పుతారని ఆశపడ్డాను. ఎవరూ విప్పలేదు. మీ మధ్య నేను నలిగి చస్తున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టేశాను, ఇక నీ ఇష్టం.

ఫణి


గుండ్లపోచంపల్లి,
జూలై 24

ఫణీ,

మూడు నెలలు! కడుపులో గడ్డ పెట్టుకున్న మనిషికి నేను కాకరకాయ వేపుడు తినలేదని రుసరుసలాడాను. నువ్వు నాకు గుండె దడ గురించి పాఠాలు చెప్పావు. మీ ఇద్దర్నీ ఒకే స్తంభానికి కట్టేసి కొట్టాలి.

ఆ రోజు కాకినాడలో నేను ఏడవలేదని అందరూ గొప్పగా చెప్పుకున్నారు. పది మందికి వండాను, ఏడ్చేవాళ్లందర్నీ లేపాను. నేను కూలబడితే ఎవరు చూస్తారని కదా. ఆ మాట ఆయనకి ఇన్నేళ్లు గుచ్చుకుని ఉంటుందని నాకేం తెలుసు? ఒక్కరైనా చెప్పారా?

ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే చెప్పాలని కాఫీ గ్లాసుతో వెళ్తాను. నోరు తెరిస్తే "తువ్వాలు మంచం మీద వేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి" అన్న మాటే వస్తోంది. నా నోరు నాకే విసుగొస్తోంది.

అక్కయ్య


గుండ్లపోచంపల్లి,
ఆగస్టు 2

ఒరేయ్ ఫణీ,

నిన్న శుక్రవారం. ఈసారి దొంగతనంగా కాదు, పట్టుచీర కట్టుకుని స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాను. "నువ్వెక్కడికి?" అన్నారు. "సినిమాకి" అన్నాను. గేటు దగ్గర యాదయ్య నన్ను గుర్తుపట్టి కూడా గుర్తుపట్టనట్టు టికెట్లు చింపాడు. మర్యాదస్తుడు.

బొమ్మ పడగానే ఆయనకి మొదలైంది. నేను ఉన్నానని అణుచుకుంటున్నారు. పళ్లు బిగించారు. ఎలా మాట్లాడాలో తెలీక నేను తెరకేసి చూస్తూ కూర్చున్నాను. అంతలో సినిమాలో పిల్ల ఒకతి బావిలోకి వంగింది. బావిలోంచి చెయ్యి! ఫణీ, నేను పెట్టిన కేక మేడ్చల్ బస్టాండ్ దాకా వినపడి ఉంటుంది. చేతిలో పాప్‌కార్న్ ముందు వరస మీద పడింది. ముందు కూర్చున్నాయన వెనక్కి తిరిగి, "ఏందమ్మా, దయ్యం కంటే నువ్వే మస్తు భయపెట్టిస్తున్నవ్!" అన్నాడు. హాలంతా నవ్వు. మీ బావ కూడా నవ్వారు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అది ఏడుపైపోయింది.

"శేషూ, నాకు చాలా భయంగా ఉందే" అన్నారు.

మీరే ఇలా అయితే ఎలా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చిందిరా. మింగాను. నువ్వు రాసిన ఆవకాయ కన్నా ఎక్కువ మండింది. "నాకూ భయంగానే ఉంది" అన్నాను. "దేనికి?" అన్నారు. "మీ కిడ్నీకి" అన్నాను. "ఫణిగాడు చెప్పాడా?" అన్నారు. "చెప్పాడు. వాడి సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. చెయ్యి పట్టుకుంటే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఆపమనలేదు. ఆగేదాకా పట్టుకున్నాను. ఈలోగా తెర మీద నలుగురు చచ్చారు, ఎవరెవరో నాకు తెలీదు.

ఇంటికొచ్చి బీపీ చూశాను. ఆయనది నూట ఇరవై ఆరు, నాది నూట ముప్పై. సాయంత్రం ఆయనే డాక్టర్‌కి ఫోన్ చేశారు. పందొమ్మిదో తారీఖు ఆపరేషన్.

నువ్వు సెలవు పెట్టి పరిగెత్తుకు రానక్కర్లేదు. అన్నీ నేను చూసుకుంటాను.

అక్కయ్య


శామీర్‌పేట,
ఆగస్టు 9

అక్కయ్యా,

వస్తానంటే వద్దంటావు. రాకపోతే జీవితాంతం దెప్పుతావు. "అన్నీ నేను చూసుకుంటాను" అన్న మాట దగ్గర మళ్లీ కాకినాడ కనిపిస్తోంది నాకు. సరే, నీ మాటే కానియ్. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

ఫణి


ఆస్పత్రి వరండా, సికింద్రాబాద్,
ఆగస్టు 19, ఉదయం పదీ పావు

ఫణీ,

ఎనిమిదిన్నరకి లోపలికి తీసుకెళ్లారు. తీసుకెళ్లేముందు ఒక నర్సమ్మాయి వచ్చి, "భయపడకండి అంకుల్" అంది. "ఎందుకు పడకూడదమ్మా? కోసేది ఆయన కడుపు కదా!" అన్నాను. పాపం బిత్తరపోయింది. మీ బావ నవ్వారు. "శేషూ, వణుకు వచ్చేస్తోంది" అన్నారు. "వణకండి, నేనేగా ఉన్నది" అన్నాను. చక్రాల మంచం తలుపు దగ్గరికి వెళ్లేదాకా వణికారు, నా వైపు చూస్తూనే వణికారు. తలుపు మూసేశారు.

ఇంకో రెండు గంటలు పడుతుందట. సినిమాకైతే ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుందని నువ్వు రాశావు చూడు, ఇక్కడ కూర్చుంటే ఆ మాట అర్థమైంది. ఈ తలుపు మీద ఎర్రదీపం ఎప్పుడు ఆరుతుందో ఎవరూ చెప్పరు.

బాలనర్సమ్మ పక్కనే ఉంది. పొద్దుట్నుంచి కాఫీ కూడా తాగలేదని తిడుతోంది. ఇందాక ఆ నర్సమ్మాయిని బతిమాలి నా బీపీ చూపించుకున్నాను. నూట డెబ్భై రెండు. బాలరాజు డ్యూటీకి బయల్దేరుతున్నాడు, అతని చేత ఈ కాగితం పంపుతున్నాను. ఫోన్ చేయొచ్చు, కానీ నీ గొంతు వింటే ఇక్కడే, ఇంతమందిలో ఏడుస్తాను.

దగ్గర్లో సినిమా హాలు కూడా లేదురా. కనిపించిన బస్సెక్కి వచ్చేయ్. పుస్తకాల మాటలేవీ చెప్పకు, ఊరికే పక్కన కూర్చో. నాకు భయంగా ఉంది.

అక్కయ్య